రెండు ప్యాంట్లతో ఔలికి

ఉత్తరాది మంచుకొండల్లోని ఔలి నుంచి తిరిగొచ్చి నెల దాటింది. షాపుకు వచ్చిన ప్రతి ఆడమనిషీ జాకెట్టు గుడ్డ కౌంటరు మీద పెట్టి, లైనింగు సంగతి తర్వాత, ముందు మంచు మీద జారడం ఎట్లుంటదో చెప్పమంటున్నది. నేను జారింది మొత్తం కలిపి పావుగంట. అందులో కాళ్ళ మీద నిలబడి ఉన్నది ఎంతసేపో చెప్పడానికి నాకు మొహం చాలదు. స్కీయింగ్ గురించి తెలుసుకోవాలంటే సుభద్ర మేడమ్‌ను అడగండి. నేను చెప్పగలిగేది బట్టల గురించి. ఇరవై రెండేళ్ళుగా సరూర్‌నగర్‌లో ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. ఈ ప్రయాణంలో జరిగిన మంచీ చెడ్డా అన్నీ బట్టలవల్లే జరిగాయి.

మేడమ్‌ది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పి, నిరుడు మానేశారు. ఉండేది చంపాపేట్‌లో. పన్నెండేళ్ళుగా నా దగ్గరే కుట్టించుకుంటారు. స్కీయింగ్ పిచ్చి ఆమెకు ఎప్పుడు పట్టిందో తెలియదు కానీ, ఎందుకని అడిగితే ఒకటే మాట: "బోర్డు మీద ఇన్నేళ్ళు వాలు గీతలు గీశాను మల్లేశ్వరీ. ఒక్కసారైనా ఒక వాలు మీద నుంచి కిందికి రావద్దూ?"

ఆమె డబ్బు కట్టిన శిక్షణలో యాభై అయిదేళ్ళు నిండినవాళ్ళను తీసుకోరు. మేడమ్‌కు ఏప్రిల్‌లో నిండుతాయి. అంటే ఈ చలికాలం పోతే మళ్ళీ లేదు. తోడు వస్తానన్న స్నేహితురాలు చివర్లో రానంటే, ఆ సీటు నాకిచ్చారు. మా ఆయన ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. "పో పో. పది రోజులు మిషన్ సప్పుడు లేకుంట పండుకుంట," అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్

శిక్షణవాళ్ళు ఫోనుకు ఒక జాబితా పంపారు. లోపల ఒంటిని అంటి ఉండే థర్మల్స్ రెండు జతలు, ఉన్ని స్వెట్టరు, వాటర్‌ప్రూఫ్ కోటు, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, గ్లౌజులు, ఉన్ని సాక్సులు, కళ్ళకు గాగుల్స్. కింద పెద్ద అక్షరాలతో రెండు హెచ్చరికలు: నూలు బట్టలు తేవద్దు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు లేనివారిని మంచు మీదికి పంపం.

మొదటి హెచ్చరిక దగ్గరే మాకు తలనొప్పి మొదలైంది. నూలు లేకుండా మనకు బట్టలేవి? మెట్రో స్తంభాల నీడన వరసగా ఉన్న దుకాణాలన్నీ తిరిగాం. థర్మల్స్ అడిగితే ఒకతను బనీన్లు తీశాడు, ఇంకొకతను యోగా ప్యాంట్లు తీశాడు. మూడో దుకాణాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "బదరీనాథ్ పోతున్నరా అమ్మా? గిప్పుడు గుడి బందుంటది కదా," అన్నాడు. మంచులో జారడానికి పోతున్నామని మేడమ్ చెబితే, ఆయన నా వైపు తిరిగి నిజమేనా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నేను తలూపాను. జత ఆరు వందల యాభైకి ఇచ్చాడు. మేడమ్ సైజుకు మగవాళ్ళది తీసుకున్నాం. థర్మల్ సాగుతుంది కాబట్టి బాధ లేదు.

ఎల్బీ నగర్

వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి ఎల్బీ నగర్‌లో రెయిన్‌కోట్లు, టెంట్లు అమ్మే ఒక షాపు దొరికింది. ఢిల్లీ నుంచి తెప్పిస్తాను, నడుము సైజు చెప్పండి అన్నాడు కౌంటరులోని అబ్బాయి. నాది ముప్పై నాలుగు. బూడిదరంగు చెప్పాను.

"నాకు నలుపు. నడుము నలభై," అన్నారు మేడమ్.

ఇక్కడ ఒక దాపరికం చెప్పాలి. నాకు పని నేర్పిన ఉస్తాద్ మొదటి రోజే ఒక సూత్రం చెప్పాడు. కొలత తీసేటప్పుడు షాపులో నలుగురు ఉంటారు. ఆడమనిషి నడుమూ ఛాతీ గట్టిగా చదివితే ఆమె మళ్ళీ మన గడప తొక్కదు. అందుకని నోటితో తగ్గించి చెప్పు, పుస్తకంలో ఉన్నది రాయి. నేను ఇప్పటికీ అదే చేస్తాను. మేడమ్ మొదటిసారి వచ్చినప్పుడు నలభై ఒకటి ఉంటే నలభై అన్నాను. తర్వాత ఏళ్ళు గడిచాయి, పుస్తకంలో అంకె పెరిగింది, నా నోట్లో మాత్రం నలభై నలభైగానే ఉండిపోయింది. ఆమె కట్టేది చీర, లేకపోతే నాడా ప్యాంటు. ఆ రెంటికీ నడుము అంకెతో పని లేదు. అసలు సంగతి బయటపడే సందర్భమే రాలేదు.

పోయిన దసరాకు తీసిన కొలత నలభై అయిదు.

కౌంటరు ముందు నేను నోరు విప్పలేదు. విప్పకపోవడానికి నాకొక ధీమా ఉంది. మా కుట్టులో ప్రతి బట్టకూ లోపల మార్జిన్ వదులుతాం. ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి ఆ బట్ట. పెళ్ళి జాకెట్టును ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా తొడుక్కునేది ఆ మార్జిన్ పుణ్యమే. ఏ ప్యాంటుకైనా అంత బట్ట ఉండకపోతుందా, మేడమ్‌కు తెలియకుండా విప్పి కుట్టేద్దాం అనుకున్నాను. సంచిలో సూది, దారం, బ్లేడు, కత్తెర పెట్టుకున్నాను.

చంపాపేట్, మంగళవారం

ప్యాంట్లు వచ్చేసరికి మంగళవారం సాయంత్రం అయింది. రైలు బుధవారం పొద్దున. మేడమ్ ఇంట్లో మంచం నిండా బట్టలు పరిచి ఉన్నాయి. నలుపు ప్యాంటు మడత విప్పగానే నడుము నా కంటికి ఇరుకుగానే ఆనింది.

"మేడమ్, జర ఒక్కసారి ఏసుకొని చూడుండ్రి."

"మంగళవారం కొత్త బట్టలా? వద్దు వద్దు. అక్కడికెళ్ళాక చూసుకుందాంలే."

ఇంటిగ్రేషనూ కాలిక్యులసూ చెప్పిన మనిషి, ప్యాంటు లేబులు మూలకు పసుపు చుక్క పెట్టి పెట్టెలో సర్దేశారు. "ఇంటికి తీస్కపోయి ఇస్త్రీ చేసి తెస్త," అని అడిగి చూశాను. వాటర్‌ప్రూఫ్ గుడ్డకు ఇస్త్రీ ఏంటని నవ్వారు. పెట్టె మూత పడింది. పైన కందిపొడి, కరివేపాకు పొడి, నేను తెచ్చిన సకినాలు.

రైల్లో

ఢిల్లీ దాకా మా ఎదుటి బెర్తులో మిర్యాలగూడ సైనికుడొకాయన. సెలవు అయిపోయి లడఖ్ తిరిగి వెళ్తున్నాడు. మేము ఎక్కడికి పోతున్నామో విని, పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే అడిగాడు. మూడు జతల సాక్సులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటామని చెప్పగానే తల పట్టుకున్నాడు.

"అట్ల చెయ్యకుండ్రి అక్కా. పాదం బిగుసుకపోతది, నెత్తురు పారదు. బిగుసుకపోతె చలి ఇంకెక్కువైతది. ఒక్కటే జత, మందంది. బట్టలైనా అంతే, ఒంటికి కొంచెం వదులుంటెనే వెచ్చగుంటది."

ఆయన ఇంకా చాలా చెప్పాడు. చెమట పట్టకముందే ఒక పొర విప్పేయమన్నాడు, గ్లౌజులు పోకుండా తాడు కట్టుకోమన్నాడు. ఇవన్నీ మీలో ఎవరైనా వెళ్తే పనికొచ్చేవే. నాకు మాత్రం వదులుంటెనే అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. మేడమ్ శ్రద్ధగా నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు.

హరిద్వార్

మేడమ్ గంగ ఒడ్డుకు వెళ్ళినప్పుడు నేను తలనొప్పి అని చెప్పి గదిలో ఉండిపోయాను. నలుపు ప్యాంటు తీసి, లోపలి వైపు బయటికి తిప్పాను.

మార్జిన్ లేదు. పావు ఇంచు కూడా లేదు. కుట్టు పక్కనే గుడ్డ కోసేసి, ఆ కుట్టు మీద నీళ్ళు దిగకుండా ఒక సన్నటి ప్లాస్టిక్ పట్టీ అతికించారు. ఫ్యాక్టరీవాళ్ళకు మనిషి ఒళ్ళు చేస్తుందన్న ఆలోచనే ఉండదేమో. విప్పితే ఆ పట్టీ పోతుంది, గుడ్డా రాదు. టేపు పెట్టి చూశాను. సరిగ్గా నలభై.

ఆ రోజు మేడమ్ నాకోసం తలనొప్పి మాత్ర, ఆకు దొన్నెలో వేడి జిలేబీ తెచ్చారు. రెండూ మింగాను. నిజం మాత్రం చెప్పలేకపోయాను. భయమేసింది.

జోషీమఠ్

ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలని ఒక రోజు ముందే రమ్మన్నారు. కొండ దారంతా జీపులో కూర్చుని సాయంత్రానికి జోషీమఠ్ చేరాం. ఔలికి ఇక్కణ్ణుంచి ఇంకాస్త పైకి ఎక్కాలి. ఇక్కడివాళ్ళతో నా దక్కనీ హిందీ బాగానే నడిచింది. కాకపోతే నేను అవుననడానికి హౌ అన్నప్పుడల్లా లాడ్జి యజమానురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

గదిలోకి రాగానే మేడమ్ ప్యాంటు తీసి వేసుకున్నారు. తొడల దగ్గర ఆగింది. లాగారు. ఎలాగో పైకి వచ్చింది కానీ, గుండీకీ కాజాకూ మధ్య అయిదు ఇంచుల దూరం. ఊపిరి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించారు. తర్వాత విప్పి మంచం మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నారు.

భోజనానికి రాగిరొట్టె, గహత్ దాల్ అని ఒక పప్పు తెచ్చింది యజమానురాలు. రుచి చూస్తే మన ఉలవలే. ఉలవచారంటే ప్రాణం పెట్టే మేడమ్ పళ్ళెం ముందుకు తోశారు.

"వద్దు మల్లేశ్వరీ. రైల్లో సకినాలు తిన్నాను, ఢిల్లీలో పరాఠాలు తిన్నాను. తప్పు నాదే. అయినా నాలుగు రోజుల్లో ఇంత పెరగడం లెక్కకు అందట్లేదు. ఇవాళ, రేపు ఏమీ తినను. ఎల్లుండికి తగ్గుతుందేమో."

ఆమె ఆ మాట అంటూ చేతివేళ్ళతో పొట్ట అదుముకుంటున్నారు.  మర్యాద అనుకుని నేను చేసిన పని ఆమెను ఆకలితో కూర్చోబెట్టింది.

"మేడమ్, మీరేం పెరగలే," అన్నాను. "మీ నడుము నలభై కాదు. నలభై అయిదు. పోయిన దసరాకే అంతుండె. నేనే తక్కువ చెప్తున్న."

ఆమె తలెత్తి చూశారు. "ఎప్పటినుంచి?"

"మొదటి నుంచి. మీకొక్కళ్ళకే కాదు మేడమ్, అందరికీ అట్లనే చెప్త. ఉస్తాద్ నేర్పిండు. ప్యాంటుల మార్జిన్ ఉంటది, విప్పి కుట్టొచ్చనుకున్న. లేదు."

మేడమ్ ప్యాంటు తీసి మడత పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "పోయినేడు షుగరు వచ్చిందేమోనని డాక్టరు నడుము కొలత అడిగాడు. మా టైలర్ తీసిన కొలతండీ, తప్పు పోదు అని చెప్పి నలభై రాయించాను."

 తప్పయింది అన్నాను. ఆమె రొట్టె ముక్క తుంచి ఉలవల్లో ముంచి తినడం మొదలుపెట్టారు. రెండు రొట్టెలూ తిన్నారు. నాతో మాత్రం మాట్లాడలేదు.

దర్జీ దుకాణం

పొద్దున్నే ఊళ్ళో విచారించాను. అద్దెకు ప్యాంట్లిచ్చే రెండు దుకాణాల్లోనూ ఏ సైజూ మిగల్లేదు. బజారు మలుపులో ఒక ముసలి దర్జీ ఉన్నాడని ఎవరో చెబితే, మేడమ్‌నూ రెండు ప్యాంట్లనూ తీసుకుని వెళ్ళాను. చిన్న గది, మధ్యలో బొగ్గుల కుంపటి, దాని చుట్టూ చేతులు కాచుకుంటూ నలుగురు మగవాళ్ళు. ముసలాయనకు అరవై దాటి ఉంటాయి. నేను కూడా ఇదే పని చేస్తానని చెప్పగానే స్టూలు తుడిచి వేశాడు. మన దగ్గర దర్జీ ఇంకో దర్జీకి మిషన్ ముట్టనివ్వడు. ఆయన అడగకముందే తన మిషన్ మీది గుడ్డ తీసేశాడు.

ప్యాంటు చూసి, రెండు పక్కలా విప్పి నడుము నుంచి మోకాలి దాకా పట్టీలు వేయాలి, ఇలాంటి గుడ్డ తన దగ్గర లేదు అన్నాడు. గుడ్డ నా దగ్గర ఉంది. నా బూడిదరంగు ప్యాంటు బల్ల మీద పెట్టి కత్తెర తీశాను.

"మరి నువ్వెలా వెళ్తావు?" అన్నారు మేడమ్. ఆ రోజు నాతో అన్న మొదటి మాట అది.

"పోను మేడమ్. కూసొని చూస్త."

ఒక కాలు నిలువునా కోశాను. మూడు వేల రెండు వందల ప్యాంటు, ఒక్కసారి కూడా వేసుకోలేదు. ముసలాయన కొలత ఎంత అని హిందీలో అడిగాడు. నేను మేడమ్ నడుముకు టేపు చుట్టి, అలవాటు కొద్దీ ఆయన చెవి దగ్గరకు వంగాను.

"అక్కడ కాదు," అన్నారు మేడమ్. "చదువు. గట్టిగా చదువు."

కుంపటి దగ్గర నలుగురూ ఇటే చూస్తున్నారు. "పైంతాలీస్," అన్నాను. నలభై అయిదు. మేడమ్ వాళ్ళ వైపే సూటిగా చూస్తూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన కుంపటి ఆమె వైపు జరిపి, ఆమెకూ ఒక చాయ్ చెప్పాడు. ఇంతకు మించి ఏమీ జరగలేదు. ఇరవై రెండేళ్ళుగా నేను భయపడింది దీనికేనా అనిపించింది.

కొత్త కుట్టంటే కొత్త సూది రంధ్రాలు. నీళ్ళు దిగుతాయి. ముసలాయన కొవ్వొత్తి తీసి కుట్టు పొడవునా గట్టిగా రుద్ది, పైన పాత గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె తగిలీ తగలనట్టు ఆనించాడు. మైనం కరిగి రంధ్రాల్లోకి దిగింది. ఇరవై రెండేళ్ళలో నాకు తెలియని పని ఇది. వానాకాలం గొర్రెల కాపర్ల కోట్లకు ఇలాగే చేస్తామన్నాడు. కూలి తీసుకోలేదు. సకినాల పొట్లం మాత్రం తీసుకున్నాడు.

నల్ల ప్యాంటు, రెండు వైపులా బూడిదరంగు చారలు. మేడమ్ వేసుకున్నారు. గుండీ పడింది. నాలుగడుగులు నడిచి, కూర్చుని, లేచి, వంగి చూసుకున్నారు. 

ఔలి

మంచు గురించి ఒకటి చెప్పాలి. ఫొటోల్లో చూసినట్టు అది మెత్తగా ఉండదు. పొద్దున గట్టిగా కరకరలాడుతుంది, మధ్యాహ్నం తడిసిన ఉప్పుబస్తా అవుతుంది. ఎదురుగా పెద్ద పెద్ద కొండలు. టీ కొట్టులో చాయ్ ముప్పై రూపాయలు, మ్యాగీ ఎనభై. నా అయిదు రోజులూ ఎక్కువగా ఆ టీ కొట్టు బల్ల మీదే గడిచాయి.

మొదటి రోజు శిక్షకుడు జాబితా ప్రకారం అందరి బట్టలూ చూశాడు. మేడమ్ ప్యాంటు కుట్టు మీద వేలితో రాసి, మైనం వాసన చూసి, నవ్వి పంపేశాడు. ఢిల్లీ నుంచి వచ్చిన అమ్మాయిల గుంపులో ఒకామె ఆ చారలు చూసి ఎక్కడ కొన్నారని అడిగింది.

తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక్కొక్కరి బరువు అడగడం మొదలుపెట్టాడు. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు బరువును బట్టి సరిచేయాలట. తక్కువ చెబితే పట్టు వదులై స్కీ ఊరికే ఊడిపోతుంది, ఎక్కువ చెబితే పడ్డప్పుడు ఊడక కాలు విరుగుతుంది అని చెప్పాడు. ఇంత చెప్పినా ఆ వరసలో ఆడవాళ్ళందరూ అంకెను గొణిగారు. మేడమ్ వంతు వచ్చింది. "ఎయిటీ సిక్స్," అన్నారు, క్లాసులో హాజరు పలికినట్టు.

ఆ రోజంతా ఢిల్లీ అమ్మాయిల స్కీలు ఊడి వాలు కిందికి తమంతట తామే జారిపోతూనే ఉన్నాయి. మేడమ్ లెక్కలేనన్నిసార్లు పడ్డారు. ఆమె స్కీలు మాత్రం ఊరికే ఒక్కసారీ ఊడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం చిన్న వాలు పై నుంచి కింది దాకా పడకుండా వచ్చారు. కింద ఆగి, వెనక్కి తిరిగి, తను వచ్చిన దారిని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. చల్లగాలికి కళ్ళు మండుతున్నాయని టీ కొట్టాయనకు చెప్పాను.

చివరి రోజు పాఠాలు లేవు, ఎవరి ఇష్టం వాళ్ళది. మేడమ్ టీ కొట్టు వెనక గదిలోకి వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చి, ఆ చారల ప్యాంటు నా ఒళ్ళో పడేశారు.

"వెళ్ళు. అయిదు రోజులనుంచి కూర్చున్నావు."

చున్నీతో నడుముకు బిగించి కట్టుకున్నాను. ఎవరివో బూట్లు కాళ్ళకు పట్టాయి. శిక్షకుడు స్క్రూడ్రైవరు తీసి బరువెంత అన్నాడు.

"యాభై తొమ్మిది," అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోటికి అదే వచ్చింది.

పది గజాలు పోయానో లేదో ఎడమ స్కీ ఊడింది. తర్వాత కుడిది. నేను బోర్లా పడి, నోటినిండా మంచుతో లేచేసరికి రెండు స్కీలూ నాకంటే ముందే కిందికి చేరాయి. మేడమ్ వాటిని చంకన పెట్టుకుని, రొప్పుతూ, వాలు ఎక్కి వచ్చారు.

"ఎంత చెప్పావు?"

"యాభై తొమ్మిది."

"ఎంత ఉంటావు?"

చుట్టూ చూశాను. ఢిల్లీ అమ్మాయిలు ఆగి చూస్తున్నారు. టీ కొట్టాయన బయటికి వచ్చి నిలబడ్డాడు. శిక్షకుడు చేతిలో స్క్రూడ్రైవరుతో ఎదురుచూస్తున్నాడు.

"డెబ్భై ఒకటి," అన్నాను.

"ఆయనకు వినపడలేదు."

"ఇకత్తర్!" అని అరిచాను. ఎదుటి కొండ దాకా వినిపించి ఉంటుంది. జోషీమఠ్‌లో నిజం చెప్పిన ఆ సాయంత్రం తర్వాత మేడమ్ నవ్వడం అదే మొదటిసారి. స్కీలు పట్టుకోవడం కూడా చేతకానంతగా, మంచులో కూలబడి నవ్వారు. శిక్షకుడు మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూలు రెండూ బిగించాడు. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు పడ్డాను. నాలుగుసార్లూ స్కీలు నా కాళ్ళకే ఉన్నాయి.